ఎర్రచీటీ

ఆ రోజు ఫ్యాక్టరీ ముందు వరుసలో ఇరవై రెండో బండి అది. మరక్క ట్రాలీ చక్రం మీద కాలు మోపి పైకెక్కింది. నమూనా తీసే, తన ఎత్తున్న ఇనుప గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని మొక్కజొన్నల్లోకి దింపింది. పొద్దుటి నుంచి చూసిన బండ్లన్నిటిలోనూ గొట్టం గరగరమంటూ మొరాయిస్తూ దిగింది. ఇందులో మాత్రం నీళ్లలోకి దిగినట్టు దిగింది. ఆమె చెయ్యి అక్కడే ఒక్క క్షణం ఆగింది. పైకి లాగి పళ్లెంలో వంచితే గింజలు తెల్లగా రాలాయి. పసుపు గింజల్లో కలిసిపోయిన నాలుగు తెల్ల గింజలు కావు. బండికి బండీ తెలుపే.

ట్రాక్టరు సీటు మీద కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరగలేదు. వీపు చూసే గుర్తుపట్టింది ఆమె.

"పెద్దయ్యా, ఇది తినే గింజ కదా."

"నీకు నేను చెప్పాలా మరక్కా? ఎన్నేళ్లు ఆడావు నీ మరలో."

"మరి ఇక్కడికెందుకు తెచ్చావు?"

"నీ మర తలుపేసుంటే ఇంకెక్కడికి తేను?"

"గింజ రాకే కదా తలుపేసింది."

"తలుపేసుండబట్టే గింజ రాలేదు. విత్తు ముందా చెట్టు ముందా అని నువ్వూ నేనూ తేల్చేది కాదులే." అప్పుడు తిరిగాడు పెద్దాయన. ముఖంలో కోపం లేదు, కొంచెం సిగ్గు ఉంది. "పోయినేడు నలభై బస్తాలు కొట్టంలో పెట్టుకుని కూర్చున్నా. తెల్ల మొక్కజొన్న కావాలి అని ఒక్కడు నా గడప తొక్కలేదు. ఎలకలు తిన్నాక మిగిలింది కోళ్లకు పోశా. ఈ ఏడు వీళ్లు బండి పంపి మరీ అడిగారు. నా బతుకులో నన్నొకడు వెతుక్కుంటూ రావడం ఇదే మొదలు. కాగితం మీద వేలిముద్ర వేశా. పండిందంతా వీళ్లకే. వీళ్లు వద్దన్నది మాత్రం నాది."

ఆమె మరో నాలుగు చోట్ల గొట్టం దింపి, పళ్లెం నింపుకుని కిందికి దిగింది.

మరక్కను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఊరు మొత్తం మీద లేరు. పాతికేళ్లు పిండిమర నడిపిన మనిషి మరక్క కాక మరేమవుతుంది? నెత్తి మీంచి కాలిగోళ్ల దాకా పిండి పడి ఉండేది కనుక, పేరుకు తగ్గట్టే ఒంటినిండా మరకలేనని వేళాకోళమాడేవాళ్లు. తనకన్నా పదేళ్లు పెద్దవాళ్లకు కూడా ఆవిడ మరక్కే. పెట్రోల్లో ఐదో వంతు గింజల నుంచి తీసిన స్పిరిట్ కలిపి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరి బయట ఈ ఫ్యాక్టరీ లేచింది. రెండు పంటలు తిరిగేసరికి చుట్టుపక్కల చేలన్నీ పసుపు గింజకు మారిపోయాయి. మర దగ్గర వరుస పలచబడి పలచబడి, చివరికి వారానికి ముగ్గురు వచ్చారు, తరవాత ఎవరూ రాలేదు. గింజ చూడటం తెలిసిన మనిషి కావాలని ఫ్యాక్టరీవాళ్లే కబురు పెట్టారు. ఆమె ఈ నీలం కోటు తొడుక్కుని ఇది పన్నెండో రోజు.

కిటికీ అవతల, గింజల్లో తేమ కొలిచే మీటరమ్మాయి పళ్లెం అందుకుంది. చదువుకున్న పిల్ల. మాట పొదుపు. మొదటిరోజు మరక్క ఒక గింజ పంటికింద వేసుకుని కొరికి, "పదమూడు" అంటే, మీటరు కూడా పదమూడే చూపించింది. ఆ పిల్ల తల ఎత్తకుండానే, "మీ పంటికి చివరిసారి క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారక్కా?" అంది. "పాలపళ్లు ఊడినప్పుడు" అంది మరక్క. అప్పటి నుంచి ఇద్దరికీ పొసిగింది. అంతకు మించి మాటలు లేవు.

"పన్నెండున్నర తేమ. బూజు లేదు. పురుగు లేదు." మీటరమ్మాయి పళ్లెంలోని గింజలను వేలితో కదిపింది. "ఇవేంటక్కా, ఇలా ఉన్నాయి?"

"తినేవి."

"తినేవి అంటే?"

 ఆ పిల్ల పుట్టి పెరిగిందంతా పొట్లం పిండి మీదే కాబోలు. "బావుంటాయి" అంది మరక్క.

సరుకు తీసుకోవచ్చని పచ్చచీటీ చిరిగింది. పెద్దాయన ట్రాక్టరును గోతి దగ్గరికి నడిపాడు. ఇనుప కడ్డీల జల్లెడ కింద, ఇల్లంత లోతున ఉంటుంది ఆ గొయ్యి. ట్రాలీ వెనక తలుపు తీయగానే తెల్లటి ధార కడ్డీల మీద పడి, ఎగిరి, లోపలికి జారిపోయింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ము ముక్కుకు తగలగానే మరక్క అడుగు ఆపి గట్టిగా పీల్చింది. అది మర వాసన. వేడెక్కిన రాళ్ల మధ్య నుంచి మొదటి పిండి దిగినప్పుడు గదంతా కమ్ముకునే వాసనకు తోబుట్టువు. అంతకు ముందు బండిలో వచ్చింది, హద్దు లోపలే అయినా, అక్కడక్కడా బూజు పట్టిన గింజ. అదీ ఇదీ ఒకే గోతిలో పడ్డాయి. అడుగున మర ఒకటి ఉందని, అది గింజను పిండి చేస్తుందని, ఆ పిండిని ఉడికించి పులియబెడతారని ఆమెకు చెప్పారు. ఆ మర చప్పుడు పైకి వినబడదు.

"మంచి గింజ" అంది వెనక నుంచి ఒక గొంతు. చీపురు నేలకానించి నిలబడి ఉంది వదిన.

వదిన అంటే వరసకు వదిన కాదు. గోతి చుట్టూ ఊడ్చే ఆవిడ. రాలిన గింజలను పొద్దస్తమానం కడ్డీల దగ్గరికి నెట్టడం ఆవిడ పని. ఒకప్పుడు మర గడప మీద సంచి పెట్టుకుని కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఊరి కబుర్లన్నీ ఆడించిన మనిషి.

"వదినా, ఎన్నాళ్లయింది తిని?"

"లెక్కెక్కడిది. మొన్న ఆ పొట్లం పిండితో జావ కాచాను. గోడలకు వేసుకునే సున్నంలా ఉంది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తెల్ల మొక్కజొన్న జావ పలచగా కాచుకుని, ఉప్పేసుకుని తాగాలనుంది మరక్కా. ముసలి నోరు, సిగ్గులేకుండా కొట్టుకుంటోంది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇంత కోరిక పుట్టలేదు."

పరీక్ష అయిపోయిన నమూనాను గోతిలో వంచెయ్యాలి. అది నియమం. పళ్లెంలో రెండు సోలల గింజలు ఉన్నాయి. మరక్క అటూ ఇటూ చూసింది. "డబ్బా తే" అంది.

వదిన అన్నం డబ్బా తెచ్చింది. గింజలు డబ్బాలోకి జారుతుంటే గలగలమని చప్పుడైంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

సాయంత్రం అయిదింటికి గేటు దగ్గర వదినను ఆపారు.

మరక్క నాలుగడుగులు వెనకే ఉంది. కాపలాదారు అందరి సంచులూ చూడడు. ఆ రోజు చూశాడు. డబ్బా బరువు చేతికి తెలిసి, మూత తీశాడు. పక్కన పెట్టి, ఫోన్ చేశాడు. మేనేజరు స్కూటరు మీద వచ్చాడు. చిన్న వయసు, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ చూడలేదు.

"ఎక్కడివమ్మా ఇవి?"

"కింద పడ్డవి బాబూ. ఊడ్చాను" అంది వదిన.

"ఊడ్చినవాటిలో మట్టి ఉంటుంది కదా." ఆయన డబ్బాను చేత్తో ఊపాడు. "ఇందులో ఒక్క రాయి లేదు. ముత్యాల్లా ఉన్నాయి." తల ఎత్తి చుట్టూ చూస్తే మరక్క కనబడింది. "మీరున్నారు కదా. గింజ చూడటంలో మీ అంతవాళ్లు లేరు. మీరే చెప్పండి. ఇది ఊడ్చిందా? బండిలోదా?"

డబ్బా ఆమె చేతుల్లోకి వచ్చింది. వెనక ముప్పై మంది ఇళ్లకు వెళ్లాల్సినవాళ్లు నిలబడి ఉన్నారు. మరక్క గింజలను వేళ్లతో తిప్పింది. ఏ మడిలో పండిందో, ఏ కొట్టంలో నిలవున్నదో చెప్పగల వేళ్లవి. వదిన ఆమెను చూడటం లేదు. ఎదురుగా ఉన్న రోడ్డును చూస్తోంది. 'నేనిచ్చాను' అని ఒక్క మాట, నాలుగక్షరాలు. నోరు తెరిస్తే ఈ కోటు పోతుంది. తలుపేసిన మర ఉంది ఇంట్లో. పదిరోజులకోసారి వచ్చే మొగుడున్నాడు.

"చెప్పలేను" అంది మరక్క.

మేనేజరు ఆమెను కాసేపు చూశాడు. "సరే" అన్నాడు. వదిన దగ్గర గేటు కార్డు తీసుకున్నారు. గింజలను కాపలాదారు తీసుకెళ్లి గోతిలో పోసి వచ్చాడు. ఖాళీ డబ్బాను మూతపెట్టి మర్యాదగానే తిరిగి ఇచ్చాడు. వదిన దాన్ని సంచిలో పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని, రోడ్డు దాటి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని మరక్క అక్కడే నిలబడింది. చూడలేదు.

మరుసటి రోజు గోతి దగ్గర మరొకామె ఊడుస్తోంది. చీపురు మాత్రం అదే.

మధ్యాహ్నం అన్నం వేళకు మరక్క ఇంటికి వచ్చింది. ఇల్లంటే మర వెనక గది. గదిలోకి వెళ్లాలంటే మర లోంచే వెళ్లాలి. తొట్టి మీద గుడ్డ కప్పి ఉంది. మోటారుకూ రాళ్లకూ మధ్య బెల్టును మొగుడు వదులు చేసి వెళ్లాడు. బిగువు మీద వదిలేస్తే ఊరికే సాగిపోతుందని. పిండి దిగే మూతికి కట్టిన గుడ్డ తొడుగు ఉతికి ఆరేసినది ఆరేసినట్టే ఉంది. అటు పక్క గోడకు నడుమెత్తున నున్నగా ఒక మచ్చ. ఆయన ఆనుకుని నిలబడే చోటు అది. ఆమె ఇటు తొట్టిలో గింజ పోస్తుంటే, ఆయన అటు సంచి పట్టేవాడు. మర తిరుగుతుంటే మాట వినబడదు కనుక ఇద్దరికీ చేతి సైగలే మాటలు. వేళ్లు రెండు ఆడిస్తే పిండి మెత్తబడాలని. గడ్డం కింద చెయ్యి పెడితే ఆకలేస్తోందని. పెళ్లయిన కొత్తలో ఒకసారి గది నిండా జనం ఉండగా ఆయన ఇంకేదో సైగ చేశాడు. ఆమె సిగ్గుతో సంచెడు గింజ తొట్టి అవతల పోసింది. జనానికి ఏం అర్థం కాలేదు. ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఇప్పుడాయన ఫ్యాక్టరీ టాంకరు నడుపుతున్నాడు. ఎక్కడో దూరాన పెట్రోలు డిపోల్లో స్పిరిట్ దించి వస్తాడు. ఇంటికి వచ్చిన రోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. గదిలో చప్పుడు ఉండదు. ఇంత నిశ్శబ్దంలో ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ చేతకావడం లేదు.

ఫోన్ మోగింది.

"తిన్నావా?"

"ఆ. నువ్వు?"

"డిపో ముందు వరుసలో ఉన్నా. నా ముందు పదహారు బండ్లు. దించి బయలుదేరేసరికి రేపవుతుంది."

మామూలుగా ఐతే ఇక్కడ అయిపోయేది. మరక్క గోడ మీది ఆ నున్నటి మచ్చను చూస్తూ జరిగినదంతా చెప్పింది. వదిన జావ మాట, డబ్బా, గేటు.

"నిన్నడిగితే నువ్వేం చెప్పావు?"

"చెప్పలేను అన్నాను."

అవతల లారీ హారను ఒకటి వినబడింది. ఆయన తిడతాడేమో అనుకుంది. తిట్టినా బావుండు అనుకుంది.

"నువ్వు చెప్పలేని గింజ కూడా ఉంటుందటే?" అన్నాడు ఆయన. దెప్పుతున్నట్టు కాదు. నిజంగా ఆశ్చర్యపోయినట్టు, దేన్నో పోగొట్టుకున్నవాడిలా. తరవాత, "సరే, బండి కదులుతోంది" అని పెట్టేశాడు.

ఆమె కంచం ముందు కూర్చుంది. పొట్లం పిండి రొట్టె. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంటే నాలుక మీద పొడిగా, అట్టముక్కలా ఉంది. తినేసింది. తినకపోతే మధ్యాహ్నం ట్రాలీలు ఎక్కలేదు.

గురువారం నాడు ఆమె గేటు కార్డు గీకి, తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. ఆయన టీ తాగుతున్నాడు. లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. రెండు రోజులుగా మనసులో ఆడించి ఆడించి మెత్తగా చేసుకున్న మాటలు నోటిదాకా వచ్చేసరికి నూకల్లా విరిగాయి.

"ఆ గింజలు నేనిచ్చినవే. ఆమె ఊడ్చలేదు. దొంగతనం చెయ్యలేదు. నమూనా పళ్లెంలోవి, నేనే ఆమె డబ్బాలో పోశాను. తప్పు నాది."

మేనేజరు టీ గ్లాసు కింద పెట్టాడు. "తెలుసమ్మా" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

ఆయన గోడవైపు చెయ్యి చూపించాడు. అక్కడ చిన్న కెమెరా తెరలు వరుసగా వెలుగుతున్నాయి. ఒకదాంట్లో గొయ్యి, చుట్టూ ఊడుస్తున్న కొత్తామె, పైనుంచి చూస్తే చీమలా. "ఆ మధ్యాహ్నమే చూశాను. మీరు పోయడం, మీరిద్దరూ నవ్వుకోవడం. గేటు దగ్గర ఆపమని చెప్పింది నేనే."

"మరి నన్ను అడిగారెందుకు?"

"మీరు చెబుతారేమో చూద్దామని." ఆయన గొంతులో వెటకారం లేదు. ఆ మాట కొంచెం అలసటగానే అన్నాడు. "చూడండమ్మా. ఒకరిని తియ్యకపోతే రేపటి నుంచి అందరూ డబ్బాలు నింపుకుంటారు. మిమ్మల్ని తీస్తే రోజుకు నలభై బండ్లు ఎవరు చూస్తారు? బూజు గింజ ఒక్క బండి మితిమీరి పోయిందంటే స్పిరిట్ తీశాక మిగిలే పిప్పి విషమవుతుంది. ఆ పిప్పి గొడ్లు తినేది. ఊడ్చేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. మీలాంటివాళ్లు దొరకరు. మీరు వచ్చి చెప్పడం మంచిదైంది. నా దగ్గరే ఉంటుంది ఈ మాట. వెళ్లండి, బండ్లు ఆగున్నాయి."

మరక్క బయటికి వచ్చింది. ఎండ కళ్లలో కొట్టింది. మొదటి బండి ఎక్కింది, గొట్టం దింపింది, తీసింది, పళ్లెం కిటికీలో పెట్టింది. రెండో బండి. మూడో బండి. తన చేతులు తనవి కానట్టు పని చేసుకుపోతున్నాయి. తన నేరం ముందే తెలిసి కూడా, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడాయన, ఆమె పని నచ్చి. తన నేర్పే వదిన కడుపు కొట్టింది. చేతకాని మనిషి అయివుంటే ఇద్దరూ కలిసి రోడ్డు దాటేవాళ్లు.

ఏడో బండి దగ్గర ఆమె గొట్టాన్ని గోడకు ఆనించింది. కోటు విప్పి, మడతపెట్టి, కిటికీ గట్టు మీద పెట్టింది. పైన గేటు కార్డు ఉంచింది.

"ఏమైందక్కా?" అంది మీటరమ్మాయి.

మరక్క చెప్పింది. నాలుగైదు మాటల్లో, దాచకుండా, 'చెప్పలేను' అన్నదానితో సహా. ఆ పిల్ల వింటూ మీటరు మీది దుమ్ము వేలితో తుడిచింది. కిటికీ అవతల ఆ ముఖం ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. రాయి మనిషి అనుకుంది మరక్క, ఆమెను తప్పుపట్టే అర్హత తనకు లేదని తెలిసీ.

శుక్రవారం పొద్దున్నే వదిన ఇంటికి వెళ్లింది. ఇరుకు సందు చివర రెండు గదుల ఇల్లు. వదిన గుమ్మం బయట బట్టలు ఉతుకుతోంది. ఇరుగుపొరుగు బట్టలు కూడా, రాశి చూస్తేనే తెలుస్తోంది.

"వదినా, నేను..."

"ఆగు" అంది వదిన, చొక్కా కాలరుకు సబ్బు రాస్తూ. "నువ్వు ఇప్పుడు ఆ మాట అంటే నేను ఏదో ఒకటి అనాలి. పర్వాలేదు అనాలి, లేకపోతే నీ మొహం చూపించకు అనాలి. రెండూ అనాలని లేదు. కూర్చుంటే కూర్చో."

మరక్క గట్టు మీద కూర్చుంది. వదిన చొక్కా పిండింది. రెండో కొన మరక్క పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపుకీ మెలితిప్పి నీళ్లు కార్చారు. అలా ఎనిమిది చొక్కాలు, రెండు దుప్పట్లు అయ్యాయి.

"పనికి పోలేదా?" అంది వదిన, అప్పుడు గమనించినట్టు.

"మానేశాను."

వదిన చేతులు ఆగాయి. "నీకు మతిపోయిందా? ఒకరు పోయింది చాలదా? నేను ఊడ్చాను అన్నది ఎందుకనుకున్నావు? ఒక్కరైనా లోపల మిగలాలనే. దొంగ అనిపించుకున్నందుకు ఫలితం లేకుండా చేశావు." బకెట్ ఎత్తి నీళ్లు సందులోకి విసురుగా పారబోసింది. "పో. ఇంటికి పో."

మరక్క ఇంటికి వచ్చింది. ఏం చెయ్యాలో తోచక మర రాళ్లు విప్పింది. పై రాయిని గొలుసుతో లేపి, తిరగేసి, పక్కకు వాల్చింది. గాట్లు అరిగిపోయి రాయి నున్నబడి ఉంది. సుత్తీ ఉలీ పట్టుకుని గాట్లు కొట్టడం మొదలుపెట్టింది. నడిమి నుంచి అంచు దాకా, ఒక్కో గీతా. రాతి పొడి ముక్కుల్లోకి వెళ్తోంది. ఆడించడానికి గింజ లేని మరకు గాట్లు ఎందుకు? ఆ ప్రశ్న ఎవరైనా వేస్తే చెప్పడానికి జవాబు లేదు. చేతులకు మాత్రం అది కావాలి. మధ్యలో ఆగి వీధిలోకి చూసింది. ఎవరో సంచి నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. ఇటే అనుకుంది. సిమెంటు సంచి. దాటి వెళ్లిపోయారు. పాతికేళ్లు మనుషులు ఈ గుమ్మంలోకి రావడం విసుగనిపించిన రోజులెన్నో. ఆ విసుగైనా మళ్లీ ఒకసారి కలిగితే చాలుననిపించింది.

శనివారం పొద్దెక్కాక మర ముందు ట్రాక్టరు ఆగింది.

పెద్దాయన ఇంజను ఆపి దిగాడు. ట్రాలీ నిండా తెల్ల గింజ, రెండో చేనిది. ఆయన చేతిలో ఎర్రచీటీ ఉంది. దాన్ని పట్టుకున్న తీరు చూస్తే, ఆసుపత్రి కాగితం పట్టుకున్నట్టుంది.

"వద్దన్నారు మరక్కా" అన్నాడు. "తేమ పదహారు అంట. కళ్లంలో ఆరు రోజులు ఎండబెట్టా. ఒక్క చినుకు పడలేదు. పదహారు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ మీటరుకే తెలియాలి. నువ్వుండి ఉంటే ఇలా జరిగేదా?"

ఆమె ట్రాలీ ఎక్కింది. కుప్పలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా, ఆపైన భుజం దాకా, ఎక్కడా ఆగకుండా జారిపోయింది చెయ్యి. లోపలంతా ఎండ వేడి. తడి గింజ ఇలా దారి ఇవ్వదు, చేతిని పట్టేస్తుంది. ఇది పదహారు కాదు, పన్నెండు కూడా ఉండదు.

"ఎవరు రాశారు ఈ చీటీ?"

"ఆ అద్దాల కిటికీ పిల్లే. ఇంకెవరున్నారు, నువ్వు లేవుగా. తీసుకెళ్తే మళ్లీ ఎండబెట్టి తెమ్మంటుందేమో అనుకున్నా. మళ్లీ తేవద్దు అంది. పెద్దమనిషి కదా, తెల్ల జుట్టు కదా అని కూడా చూడలేదు. 'మీ గింజ మాకొద్దు, మర ఉన్నచోటికి తీసుకెళ్లండి' అంది మొహం మీదే." ఆయన తలగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. "మంచి గింజకు ఇన్నాళ్లకు ఈ మాట పడాల్సివచ్చింది."

మరక్క చెయ్యి ఇంకా కుప్పలోనే ఉంది. ఆ ఖాళీ ముఖం, దుమ్ము తుడిచిన ఆ వేలు కళ్ల ముందు మెదిలాయి. మీటరు అబద్ధం చెప్పదు. చెప్పించాలంటే మనిషి కావాలి. ఆ మనిషి ఇంత చిన్న పిల్ల అయివుండి, ఆ కెమెరా కళ్ల కింద కూర్చుని, వణక్కుండా ఒక అంకె వేసింది.

"పెద్దయ్యా, ఎర్రచీటీ పడ్డది నీదే అన్నావు కదా, ఆ కాగితం ప్రకారం."

"నాదే. అయితే ఏం చేసుకోను?"

"దించు" అంది మరక్క.

ఆయన ఆమెను చూశాడు, గింజను చూశాడు, వాకిట్లో రాతి పొడిని చూశాడు. మెల్లగా ఆయన ముఖంలో ఏదో తెలిసొచ్చింది. చీటీని ఇంకోసారి తిప్పి చూసుకున్నాడు, ఈసారి రెండు చేతులతో. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ట్రాలీ తలుపు గొళ్లెం తీశాడు.

పై రాయిని మళ్లీ ఎక్కించి, మొదటి తొట్టి నింపి, బెల్టు బిగించి, ఆమె మోటారు వేసింది. ముందు రాళ్లు ఒట్టిగా అరిచాయి. గింజ దిగాక గొంతు మారింది. ఆ గొంతు వీధిలోకి పాకింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్క దుకాణమతను బయటికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఒకామె గిన్నెతో వచ్చింది, అర్ధగంటకు ముగ్గురు సంచులతో. కొత్త గాట్లు కనుక మొదటి రెండు సోలలు రాతి పొడితో దిగుతాయి. వాటిని ఆమె పారబోసింది. ఆ తరవాతది చేతిలోకి తీసుకుని చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అది పిండిలా కాక, వెచ్చటి గాలిలా జారింది.

అన్నీ కలిపి పదిహేను బస్తాలు ఉంటాయి. ఊరు ఊరంతా ఆకలిగొని ఉంది. ఎన్నాళ్లొస్తుంది? కాగితం ప్రకారం పెద్దాయన వచ్చే పంట కూడా వాళ్లదే. రేపో ఎల్లుండో ఆ కిటికీలో వేరే ఎవరైనా కూర్చోవచ్చు. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలిసే తొట్టి నింపుతోంది. అటు పక్క సంచి పట్టేవాళ్లు లేక, ఇటు గింజ పోసి, అటు పరిగెత్తి, సంచి నిండగానే మళ్లీ ఇటు వస్తోంది. పరిగెత్తిన ప్రతిసారీ ఆ నున్నటి గోడ ఖాళీగా ఎదురవుతోంది. ఆయన ఇంకా తోవలోనే ఉండాలి, ఖాళీ టాంకరుతో.

ఏడోసారో ఎనిమిదోసారో అటు వెళ్లబోతే, అక్కడ వదిన నిలబడి ఉంది. చేతులకు సబ్బు నురుగు ఇంకా ఆరలేదు. చప్పుడు తన సందు దాకా వినబడి ఉండాలి.

మరక్క మోటారు ఆపబోయింది. వదిన వద్దని తల ఊపి, దగ్గరికొచ్చి, చెవిలో అరిచింది.

"ఊరికే తీసుకోను. పని ఉందా?"

"పదిహేను బస్తాలకు ఉంది" అని అరిచింది మరక్క.

"తరవాత?"

"తెలీదు."

వదిన పిండి దిగే మూతివైపు చూసింది. తెల్లగా, ఆగకుండా దిగుతోంది. ఆ చూపులో ఉన్నదేమిటో మరక్కకు తేలలేదు. కోరికో, కోపమో, రెండూనో. తడిచేతులు చీరకు తుడుచుకుని, వదిన గోడకు ఆనుకుంది. నిండబోతున్న సంచి మూతిని రెండు చేతులా పట్టుకుంది. చేతకాక వదులుగా పట్టుకుంది. పిండి సగం ముఖాన కొట్టింది. మరక్క ఇవతల నుంచి పిడికిళ్లు రెండూ బిగించి చూపించింది, గట్టిగా పట్టుకోమని.

వదినకు మొదట అర్థం కాలేదు.

మరక్క ఇంకోసారి చూపించింది.

వదిన పట్టు బిగించింది.